ఏ చాకిరీ మీకు పడతదో చూస్కోండి: ఎంబీఏలో స్పెషలైజేషన్ గురించి

(హైదరాబాద్‌లో ఒక బిజినెస్ స్కూల్లో ఫస్టియర్ స్టూడెంట్స్ ముందు మాట్లాడిన ప్రసంగం. రికార్డింగ్ విని టైప్ చేసింది, మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాం.)

వెనకాల వాళ్ళకి వినబడుతుందా? ఆ చివర్లో, ఫ్యాన్ కింద కూర్చున్న బాబూ, నీకు? ఓకే. మైక్ కొంచెం గీ అంటుంది, ఏమనుకోకండి.

సరే, మీకు సెకండ్ సెమ్ అయిపోవస్తుంది, థర్డ్ సెమ్ నుంచి ఎలక్టివ్స్, అంటే మీరే ఎంచుకునే సబ్జెక్టులు, ఆ ఫారం మీద టిక్ పెట్టేముందు బయట పని చేసేవాళ్ళు ఎవరైనా వచ్చి నాలుగు మాటలు చెప్తే బాగుంటదని మీ సార్ అడిగారు, వచ్చా. నేను ఒక ఫార్మా కంపెనీలో సప్లై చైన్‌లో పని చేస్తా. కాబట్టి ఆపరేషన్స్ గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతా, ముందే చెప్తున్నా, కాకి పిల్ల కాకికి ముద్దు. (నవ్వులు)

ఒకసారి చేతులెత్తండి. ఫైనాన్స్? అబ్బో, సగం క్లాసు. మార్కెటింగ్? హెచ్ఆర్? ఆపరేషన్స్? ముగ్గురు, అందులో ఒకరు నన్ను చూసి మొహమాటానికి ఎత్తినట్టున్నారు. బిజినెస్ అనలిటిక్స్? చూశారా, ఇందాక ఫైనాన్స్‌కి లేచిన చేతులే మళ్ళీ లేచాయి. దించండి.

ఫైనాన్స్ అన్నవాళ్ళలో ఎవరైనా చెప్పండి, ఎందుకు? "ప్యాకేజీ బాగుంటది మేడమ్." ఊ. ఇంకొకరు? "డాడీ చెప్పారు మేడమ్." నిజం చెప్పావ్, మంచిది. ఇంకా? "బీకాం చేశా కదా మేడమ్, అదే కంటిన్యూ అవుదామని." ఇవన్నీ కారణాలే, కాదనట్లేదు. కానీ పొద్దున ఆఫీసుకెళ్తే సాయంత్రం దాకా కూర్చుని అక్కడ చేసేదేంటో ఒక్కరూ చెప్పలేదు. నేను మాట్లాడేది మొత్తం దాని గురించే. ప్రతి స్పెషలైజేషన్‌కీ దాని చాకిరీ దానికి ఉంటది. బ్రోచర్‌లో స్ట్రాటజీ, లీడర్‌షిప్ అని రాస్తారు, అవి ఎప్పుడో వస్తాయి, అందరికీ రావు కూడా. మొదటి నాలుగైదేళ్ళు మాత్రం చేసేది చాకిరీనే, ఎంత పెద్ద కాలేజీలో చదివినా అంతే. ఏ చాకిరీ చేస్తుంటే మీకు ఒళ్ళు మండదో, పోనీ పక్కవాడికంటే తక్కువ మండుతదో, అది చూస్కోండి. ప్యాషన్, గీషన్ అంటారు, ఇరవై రెండేళ్ళకి ప్యాషన్ ఏంటో ఎవరికి తెలుస్తది, నాకైతే నమ్మకం లేదు. విసుగు మాత్రం చిన్నపిల్లలకి కూడా టక్కున తెలిసిపోతది.

ఇంకో మాట, అసలు స్పెషలైజేషన్ అంత ముఖ్యమా అని కూడా అడగొచ్చు మీరు. హార్వర్డ్‌లో ఎంబీఏ 1908లో మొదలైంది, అక్కడ ఇప్పటికీ ఫైనాన్స్ ఎంబీఏ, మార్కెటింగ్ ఎంబీఏ అని విడివిడిగా లేవు, అందరిదీ ఒకటే ఎంబీఏ. మన ఐఐఎం అహ్మదాబాద్‌లో కూడా రెండో ఏడాది నచ్చిన ఎలక్టివ్స్ తీసుకుంటారు తప్ప స్పెషలైజేషన్ ముద్ర వెయ్యరు. అయితే వాళ్ళకి కాలేజీ పేరే ముద్ర. మన సంగతి వేరు, ఐసెట్ రాసి వచ్చిన బ్యాచ్‌కి క్యాంపస్ డ్రైవ్‌లో కంపెనీ వాళ్ళు ఫస్ట్ అడిగేదే "ఎంబీఏ ఫైనాన్స్ వాళ్ళ లిస్ట్ పంపండి" అని. అక్కడ మీ పేరు ఉందా లేదా అన్నదానికి ఈ టిక్కు పనికొస్తది. మొదటి ఉద్యోగం గేటు దాకా. రెండో ఉద్యోగానికి వెళ్ళేటప్పటికి మెమోలో ఏ ఎలక్టివ్ ఉందో అడిగేవాళ్ళు తక్కువ, అక్కడేం చేశావ్ అనే అడుగుతారు. కాబట్టి జీవితం మొత్తం ఇప్పుడే తేలిపోతదని టెన్షన్ పడొద్దు, అట్లని ఫ్రెండ్ ఏది పెడితే అది పెట్టేయొద్దు.

ఫైనాన్స్ నుంచే మొదలుపెడదాం, సగం మంది అదే కాబట్టి. ఫైనాన్స్ అనగానే మీ కళ్ళ ముందు ఉండేది షేర్ మార్కెట్, స్క్రీన్ నిండా ఎర్ర గీతలు పచ్చ గీతలు. అది ఎక్కువగా ముంబై సంగతి. మన దగ్గర వెల్స్ ఫార్గో, స్టేట్ స్ట్రీట్, జేపీ మోర్గాన్, గోల్డ్‌మన్ శాక్స్, ఫ్రాంక్లిన్ టెంపుల్టన్, ఇట్లాంటి వాళ్ళ ఆఫీసులున్నాయి, అటు హైటెక్ సిటీ ఇటు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, బయటి దేశాల కంపెనీలు తమ పని తామే చేసుకోవడానికి ఇక్కడ పెట్టుకున్న ఆఫీసులు, జీసీసీలు అంటున్నారు కదా ఇప్పుడు, అవి. అక్కడ ఫ్రెషర్‌కి ఎక్కువగా దొరికేది ఫండ్ అకౌంటింగ్, రీకన్సిలియేషన్ అంటే రెండు చోట్ల ఉన్న లెక్కలు కలిపి చూడటం, కేవైసీ, రిపోర్టింగ్, నెలాఖరు క్లోజింగ్.

ఒకటి దగ్గర నుంచి చూపిస్తా. మ్యూచువల్ ఫండ్‌కి ఎన్ఏవీ ఉంటది, మీరు చదివే ఉంటారు. ఫండ్ దగ్గరున్న షేర్లు, బాండ్లు, నగదు అన్నీ కూడి, ఇవ్వాల్సినవి తీసేసి, యూనిట్లతో భాగిస్తే వస్తది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఆఫీసులో అదే ప్రతి వర్కింగ్ డే చెయ్యాలి, కస్టోడియన్, అంటే ఫండ్ షేర్లు దాచిపెట్టే సంస్థ, వాళ్ళ దగ్గరున్న లెక్కా మన లెక్కా పైసాతో సహా కలవాలి, ఎక్కడో 27 తేడా వచ్చింది అనుకోండి, కొన్ని వందల లైన్లలో ఆ 27 ఎక్కడుందో పట్టుకోవాలి. పాత అకౌంటెంట్లు ఒక పని చేస్తారు, ఆ తేడాని 9తో భాగించి చూస్తారు. శేషం లేకుండా పోయిందంటే ఎక్కడో రెండంకెలు తారుమారు పడ్డాయని అనుమానం. 5,463 కొట్టాల్సింది 5,436 కొట్టారు, తీసేసి చూడండి, 27. ఏ రెండు పక్కపక్క అంకెలు తిరగేసినా తేడా 9తో పోతది, ఇంటికెళ్ళి చేసి చూడండి.

ఇప్పుడు ఇది చెప్తుంటే నేను గమనించా, కొంతమంది కళ్ళు మెరిశాయి, ముందు బెంచిలో అమ్మాయి అప్పుడే నోట్‌బుక్‌లో తీసివేత చేసేస్తుంది. కొంతమంది ఫోన్ చూసుకున్నారు. ఫోన్ చూసుకున్నవాళ్ళు ఏమనుకోకండి గానీ, ఫైనాన్స్ మీద టిక్ పెట్టేముందు ఇంకోసారి ఆలోచించండి. (నవ్వులు) నవ్వడం కాదు, సీరియస్‌గానే అంటున్నా.

ఈ చాకిరీకి విలువ లేదనుకుంటారేమో, ఈ ఊళ్ళో ఉండి సత్యం కంప్యూటర్స్ సంగతి తెలియకపోతే ఎట్లా. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకి లెటర్ రాశారు, బుక్స్‌లో నగదు, బ్యాంక్ బ్యాలెన్స్ కలిపి 5,361 కోట్లు అని చూపించారు, అందులో 5,040 కోట్లు అసలు లేవు. అంత పెద్ద మోసం ఎక్కడ దొరకాలి చెప్పండి? బ్యాంక్ రీకన్సిలియేషన్‌లో, బీకాం పిల్లలు చదివేదే. బ్యాంకుకి ఆడిటరే నేరుగా రాసి, తనకే నేరుగా జవాబు తెప్పించుకోవాలి, అది ఆడిట్‌లో అన్నిటికంటే బోరు పని. ఆడిటర్లు ఆ కన్ఫర్మేషన్ లెటర్లు పంపడం, తెప్పించడం కూడా కంపెనీ చేతుల్లోనే పెట్టేశారని అమెరికా షేర్ మార్కెట్ రెగ్యులేటర్ ఎస్ఈసీ 2011 ఆర్డర్‌లో తేల్చింది. ఈ బోరు పని ఎవరో ఒకరు గట్టిగా పట్టుకుని చేసుంటే కథ ముందే బయటపడేది.

బీకాం కంటిన్యూ అన్న అమ్మాయికి ఒక మాట. ప్యూర్ అకౌంట్స్, ఆడిట్, ట్యాక్స్ వైపు పోతే నీ పోటీ సీఏలతో. స్టాట్యుటరీ ఆడిట్ రిపోర్ట్ మీద సంతకం పెట్టేది సీఏనే, ఎంబీఏకి ఆ హక్కు లేదు. ఎంబీఏ ఫైనాన్స్ తీసుకుంటే బడ్జెటింగ్, క్రెడిట్, రిస్క్ ఇట్లాంటి వైపు చూడు. ఫైనాన్స్‌లో విడిగా రాసే పరీక్షలుంటాయి, సీఎఫ్ఏ మూడు లెవెల్స్, ఎఫ్ఆర్ఎం రెండు పార్టులు, అవి తర్వాత చూస్కోవచ్చు, అన్నీ ఒకేసారి నెత్తినేసుకోవద్దు.

మార్కెటింగ్. మార్కెటింగ్ అంటే యాడ్స్ తీయడం అనుకునేవాళ్ళు ఎంతమంది? చెయ్యెత్తకపోయినా నాకు తెలుసు. చాలామందికి మొదటి ఉద్యోగం సేల్సే, టైటిల్ మాత్రం మేనేజ్‌మెంట్ ట్రైనీ అనో ఏరియా ఎగ్జిక్యూటివ్ అనో ఉంటది. ఎఫ్ఎంసీజీ, అంటే సబ్బులు, బిస్కెట్లు లాంటి రోజువారీ సరుకుల కంపెనీల్లో అయితే పొద్దున్నే డిస్ట్రిబ్యూటర్ పాయింట్‌కి వెళ్ళాలి, సేల్స్‌మన్ బండెక్కాలి, ఆ రోజు బీట్ ఏదుంటే అది, మలక్‌పేటో సైదాబాదో, వరసగా కిరాణా షాపులు తిరగాలి. నువ్వు కొత్త సబ్బు గురించి ఇంగ్లీషులో పీపీటీ చేసుకుని ఉంటావ్, షాపాయన కౌంటర్ వెనక నుంచి "కొత్తది తర్వాత సూద్దాం బిడ్డా, ముందు గా డ్యామేజీలు తీస్కపో, మొన్నటి స్కీమ్ పైసలు గూడా రాలే" అంటాడు. ఆయన చెప్పేది కరెక్టే. ఆ డ్యామేజీ క్లెయిమ్ క్లియర్ చేయించి, వారం తర్వాత మళ్ళీ అదే షాపుకి వెళ్తే అప్పుడు ఒక అర డజను పెట్టుకుంటాడు. అదే మార్కెటింగ్. సెగ్మెంటేషన్, టార్గెటింగ్, పొజిషనింగ్ అన్నీ ఆ అర డజను సబ్బుల్లోనే ఉన్నాయి.

నెలాఖరుకి ఇంకో సినిమా. టార్గెట్ రాలేదని డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో స్టాక్ కుక్కుతారు, ఆయన దాన్ని వదిలించుకోవడానికి బేగంబజార్‌లో తక్కువకి కొట్టేస్తాడు, వచ్చే నెల నీ బీట్‌లో షాపులన్నీ "బేగంబజార్‌లో రెండ్రూపాయలు తక్కువకి దొరుకుతుంది, నీ దగ్గరెందుకు కొనాలి" అంటాయి. ఈ తలనొప్పిని నవ్వుతూ పడగలిగేవాళ్ళుంటారు, మనుషులతో మాట్లాడితేనే వాళ్ళకి తిన్నది అరుగుతది. వాళ్ళకి మార్కెటింగ్ బంగారం. ఎవరైనా "వద్దు" అంటే రెండ్రోజులు బాధపడే టైపు అయితే మాత్రం కష్టం.

డిజిటల్ మార్కెటింగ్ అంటున్నారు అందరూ, మన ఊళ్ళో అది చాలావరకు రియల్ ఎస్టేట్ లీడ్స్, అంటే కొంటారేమో అనుకునేవాళ్ళ ఫోన్ నంబర్లు పట్టడం. కోకాపేట్‌లో టవర్ వస్తుంటే ఫోన్ తెరిస్తే అదే యాడ్. అందులో కూడా చాకిరీ ఉంది, ఒక్కో లీడ్‌కి ఎంత పడింది, ఎన్ని ఫోన్ నంబర్లు దొంగవి, ఎంతమంది సైట్ విజిట్‌కి వచ్చారు, రోజూ షీట్‌లో ఎక్కించాలి. రియల్ ఎస్టేట్ రెగ్యులేటర్ రెరా దగ్గర రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్ట్‌కి యాడ్ వెయ్యకూడదు, ఆ నంబర్ యాడ్‌లో ఉండాలి, అది కూడా మార్కెటింగ్ వాళ్ళే చూస్కోవాలి. ఫార్మా మార్కెటింగ్ వైపు చూసే బీఫార్మసీ వాళ్ళు ఎవరైనా ఉంటే, 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ కోడ్ చదవండి, డాక్టర్లకి గిఫ్టులిచ్చి పని చేయించుకునే పాత పద్ధతికి అందులో చోటు లేదు, ప్రోడక్ట్ గురించి మాట్లాడటం రావాలి.

హెచ్ఆర్. ఇక్కడ ఒక అపోహ ఉంది, హెచ్ఆర్ అంటే బతుకమ్మకి ఆఫీసులో పూలు తెప్పించడం, బర్త్‌డే కేకులు, రంగోలి పోటీ. అవీ చేస్తారు, తప్పేం లేదు, బతుకమ్మ బాగా జరిగితే నాకూ సంతోషమే. కానీ అసలు పని జీతం లెక్క, హాజరు, పీఎఫ్, ఈఎస్ఐ, ఆఫర్ లెటర్ తీసుకుని జాయిన్ కాని వాళ్ళ వెంట పడటం. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, పాత 29 చట్టాల స్థానంలో. హెచ్ఆర్ తీసుకునేవాళ్ళకి మీ పుస్తకంలో ఉన్న చట్టాల పేర్లలో చాలా వరకు పాతవైపోయాయి, కొత్తవి వెతుక్కుని చదవాలి.

ఒక చిన్న లెక్క చెప్తా. ఒకాయనకి నెలకి 40,000. కంపెనీ బేసిక్ 14,000 పెట్టింది, మిగతా 26,000 హెచ్ఆర్ఏ, రకరకాల అలవెన్సులు. కొత్త కోడ్‌లో వేతనం అన్నదాని నిర్వచనం మారింది, వేతనం బయట పెట్టే అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన దాన్ని మళ్ళీ వేతనంలోనే కలపాలి. సగం అంటే 20,000, ఇక్కడ 6,000 ఎక్కువుంది, అది వచ్చి 14,000లో కలిసి 20,000 అయితది. అంటే గ్రాట్యుటీ 14,000 మీద కాదు, 20,000 మీద లెక్క. కంపెనీలో వెయ్యి మంది ఉంటే ఫైనాన్స్ వాళ్ళు హెచ్ఆర్ క్యాబిన్‌కి పరిగెత్తుకొస్తారు. అప్పుడు ఈ లెక్క తెలిసిన కుర్రాడి మాటకి విలువ ఎట్లా ఉంటదో చూడండి. జీతం తగ్గిందేంటని అడిగే మనిషికి కోప్పడకుండా పేస్లిప్‌లో లైను లైను చూపించి చెప్పడం, ఆ ఓపిక ఉంటే హెచ్ఆర్.

ఇక నా ఏరియా. టైమెంతైంది సార్? ఉందా? సరే.

ఆపరేషన్స్ అంటే మీకు ఈవోక్యూ ఫార్ములా చెప్తారు, ఒక్కోసారి ఎంత సరుకు ఆర్డర్ పెడితే ఖర్చు తక్కువో తేల్చేది, అది 1913లో ఫోర్డ్ హారిస్ రాసింది, వందేళ్ళు దాటినా పనికొస్తుంది, దాన్ని వెక్కిరించను. కానీ ఆ ఫార్ములాలో డిమాండ్ ఏడాదంతా ఒకేలా ఉంటదని అనుకుంటారు. మన దగ్గర వానలు పడి డెంగీ మొదలైతే పారాసిటమాల్‌కి ఏ ఫార్ములా ఆగదు. హైదరాబాద్ చుట్టూ చూడండి, జీడిమెట్ల, పటాన్‌చెరు, అటు శామీర్‌పేట్ దగ్గర జీనోమ్ వ్యాలీ, డాక్టర్ రెడ్డీస్ 1984లో పెట్టారు, అరబిందో 1986, దివీస్ 1990, భారత్ బయోటెక్ 1996. ఇన్ని కంపెనీలు పక్కనే పెట్టుకుని క్లాసులో ఆపరేషన్స్‌కి మూడు చేతులు లేచాయంటే నాకైతే ఆశ్చర్యమే.

చాకిరీ ఏంటంటే, టీకాలు, కొన్ని ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఫ్యాక్టరీలో సర్దడం, అవుటర్ రింగ్ రోడ్ మీదుగా శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కార్గోకి చేరడం, అక్కడ చెకింగ్, ఫ్లైట్, మళ్ళీ అవతల దించడం, అన్ని చోట్లా. బాక్స్ లోపల డేటా లాగర్ అని చిన్న పరికరం పెడతారు, అరచేతిలో పడతది, కొన్ని నిమిషాలకోసారి టెంపరేచర్ రాసుకుంటా ఉంటది. రాత్రి పడుకున్నాక ఫోన్ వస్తది, "మేడమ్, లాగర్‌లో 9.1 చూపిస్తుంది." ఎంతసేపు? "ఇరవై నిమిషాలు." ఏ బాక్స్, కింద లైన్‌లోదా పైదా? డోర్ ఎవరు తీశారు? ఇప్పుడెంత? "6.4కి వచ్చేసింది మేడమ్, పంపించెయ్యమంటారా?" పంపకూడదు. ఆ మాట అనే అధికారం నాకూ లేదు, డ్రైవర్‌కీ లేదు. క్వాలిటీ వాళ్ళు ఆ మందు స్టెబిలిటీ డేటా చూసి, అంతసేపు అంత వేడికి తట్టుకుంటదా లేదా తేల్చి, రాతపూర్వకంగా చెప్పాలి. అప్పటిదాకా బాక్స్ హోల్డ్. ఆ టైంలో నేను చేసేది ఏ హీరోయిజమూ కాదు, మెయిల్ రాయడం. ఏ బ్యాచ్, ఎన్ని బాక్సులు, ఏ టైం నుంచి ఏ టైం దాకా, ఎవరికి ఫోన్ చేశాం, అన్నీ. రేపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు ఆ మెయిలే అడుగుతారు. ఫార్మాలో రాయనిది జరగనట్టే లెక్క.

ఇంకా ఉంది. గోడౌన్‌లో ముందు వచ్చింది ముందు పంపడం కాదు, ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు పంపాలి. ఇన్‌వాయిస్ మీద బ్యాచ్ నంబర్‌లో ఒక్క అక్షరం తేడా ఉంటే కస్టమ్స్ దగ్గర ఆగిపోతది. నెల చివరి మూడు రోజులు ఇంట్లో మనల్ని మర్చిపోవాల్సిందే. ఇవన్నీ విని మీకు అబ్బా అనిపిస్తే సరే. "ఆ లాగర్ ఎట్లా ఉంటది, డోర్ ఎందుకు తీశారు" అని మనసులో ప్రశ్న వస్తే, మీరు మా మనుషులు.

అనలిటిక్స్ త్వరగా చెప్తా, ఎందుకంటే దాని గురించి మీకు యూట్యూబ్‌లో రోజుకి పది వీడియోలు వస్తాయి. అమీర్‌పేట్ వెళ్తే ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, పైథాన్ నేర్పే బోర్డులు మైత్రీవనం చుట్టూ లెక్కలేనన్ని. నేర్చుకోండి, పనికొస్తాయి. కానీ చాకిరీ ఎక్కడుందంటే డేటా శుభ్రం చెయ్యడంలో. కస్టమర్ లిస్ట్ తీస్తే ఒకడు దిల్‌సుఖ్‌నగర్ అని రాస్తాడు, ఒకడు డీఎస్ఎన్ఆర్, ఒకడు దిల్‌షుక్‌నగర్, ఒకడు చైతన్యపురి పక్కన అని రాస్తాడు. మెషీన్‌కి ఇవి నాలుగు ఊళ్ళు. నాలుగూ దిల్‌సుఖ్‌నగరేనని, చైతన్యపురి దాని పక్క స్టాప్ అని తెలిసింది నీకు, ఎందుకంటే నువ్వు ఆ మెట్రో ఎక్కావ్. ఏఐ కోడ్ రాసి పెడుతుంది ఇప్పుడు, సంతోషం, కానీ ఏ కాలమ్‌లో చెత్త ఉందో పట్టాలంటే ఆ వ్యాపారం తెలియాలి. అందుకే అనలిటిక్స్ ఒక్కటే తీసుకోకండి, ఇంకోదానితో కలిపి తీసుకోండి అంటా.

చిన్నవి కొన్ని ఉన్నాయి, ఎవరూ చెప్పరు కాబట్టి పేర్లు చెప్పేస్తా. అగ్రి బిజినెస్ అంటే రాజేంద్రనగర్‌లో మేనేజ్ అని వ్యవసాయ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది, అక్కడ పీజీడీఎం చేస్తారు, ఇది మీ తమ్ముళ్ళకి చెప్పండి, మీకు లేటైపోయింది. ఇన్సూరెన్స్ రెగ్యులేటర్ ఐఆర్‌డీఏఐ హెడ్డాఫీస్ మన ఊళ్ళోనే ఉంది, అయినా ఇన్సూరెన్స్ ఎలక్టివ్ అంటే పిల్లలు పాలసీలు అమ్మాలేమో అని పారిపోతారు. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌కి కూడా ఇక్కడ మంచి గిరాకీ ఉంది.

ఫారం నింపేముందు ఆఫీసులో రెండు అడగండి. ఆ ఎలక్టివ్ ఎవరు చెప్తున్నారు, ఈ ఏడాది నిజంగా నడుస్తదా. చాలా కాలేజీల్లో ఇంతమంది ఉంటేనే సెక్షన్ అంటారు, లేకపోతే చివర్లో "సప్లై చైన్ లేదమ్మా, మార్కెటింగ్‌లో కూర్చో" అంటారు. ముగ్గురు చేతులెత్తారు కదా, మీరు ఇప్పుడే పోయి ఇంకో పదిమందిని పోగెయ్యండి. (నవ్వులు)

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: మేడమ్, డ్యూయల్ స్పెషలైజేషన్ తీసుకుంటే రెండు వైపులా ఛాన్స్ ఉంటది కదా?)

ఉంటది, అయితే ఆ రెండూ కలిసి పని చేసేవి అయ్యుండాలి. ఫైనాన్స్, అనలిటిక్స్ కలుస్తాయి. మార్కెటింగ్, అనలిటిక్స్ కలుస్తాయి. ఆపరేషన్స్, ఫైనాన్స్ కూడా, స్టాక్ అంటే ఇరుక్కున్న డబ్బే కాబట్టి. ఫైనాన్స్, హెచ్ఆర్ కలిపి తీసుకుంటే జీతాల ప్లానింగ్ వైపు తప్ప ఎక్కువ చోట్ల వాడలేవు, ఇంటర్వ్యూలో "ఏదో ఒకటి చెప్పు బాబూ" అంటారు.

(ఒక విద్యార్థి: అక్కా, నేను హెచ్ఆర్ అంటే ఫ్రెండ్స్ నవ్వుతున్నారు, అది అమ్మాయిల స్పెషలైజేషన్ అని.)

ఆ ఫ్రెండ్స్‌ని ఒక్కసారి పటాన్‌చెరులో షిఫ్ట్ మారే టైంకి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబెట్టు. కాంట్రాక్టర్ జీతాలు లేటు చేశాడని మూడొందల మంది "మేం లోపలికి పోము" అని కూర్చుంటే, అక్కడికి వెళ్ళి మాట్లాడాల్సింది హెచ్ఆర్. అక్కడ ఆడా మగా తేడా ఏం లేదు, మాట మీద నిలబడే మనిషేనా కాదా అంతే చూస్తారు. నీకు ఇష్టమైతే తీసుకో, నవ్వేవాళ్ళకి ఉద్యోగాలు వచ్చాక ఫస్ట్ ఫోన్ చేసేది హెచ్ఆర్‌కే, జీతం పడలేదని.

(ఒక విద్యార్థిని: మేడమ్, దీని తర్వాత యూఎస్‌లో బిజినెస్ అనలిటిక్స్‌లో ఎంఎస్ చేద్దామనుకుంటున్నా, ఇక్కడ ఏది తీసుకోవాలి?)

నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్ ముందు లైన్ చూస్తే ఊరు మొత్తం అదే ప్లాన్ అనిపిస్తది. అక్కడ చదువు అయ్యాక పని చేసుకోవడానికి ఓపీటీ 12 నెలలు ఇస్తారు, స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ కిందకొచ్చే కోర్సు అయితే ఇంకో 24 నెలలు, అందుకే అందరూ అనలిటిక్స్ పేరున్న కోర్సుల మీద పడుతున్నారు. అక్కడి రూల్స్ అక్కడి ప్రభుత్వం చేతిలో ఉంటాయి, వెళ్ళేముందు యూనివర్సిటీ సైట్‌లో ఆ కోర్సు స్టెమ్ కిందకి వస్తదా లేదా నువ్వే చూస్కో, కన్సల్టెన్సీ మాట మీద వదిలెయ్యకు. ఇక్కడ మాత్రం స్టాటిస్టిక్స్ గట్టిగా చదువు, దానితో పాటు ఒక వ్యాపారం తెలిసే ఎలక్టివ్ తీసుకో. ఉత్త టూల్స్ నేర్చుకుని వెళ్తే అక్కడ నీలాంటి వాళ్ళు మస్తు మంది ఉంటారు. ఇంకోటి, లోన్ ఎంత, ఈఎంఐ ఎంత, ఉద్యోగం ఆరు నెలలు లేటైతే ఎట్లా కడతావ్, ఇది ఎక్సెల్‌లో వేసి ఇంట్లో చూపించు. అది కూడా అనలిటిక్సే కదా.

(ఒక విద్యార్థి: మేడమ్, మీరు చెప్పిన చాకిరీ చూడాలంటే మాకు ఛాన్స్ ఎక్కడుంది, ఫారం వచ్చే వారమే ఇవ్వాలి.)

వారం చాలు. మీ సీనియర్స్‌లో పని చేస్తున్నవాళ్ళు ఇద్దరికి ఫోన్ చెయ్యండి, "ఉద్యోగం ఎట్లా ఉంది" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "నిన్న ఆఫీసులో ఏ టైంకి ఏం చేశావ్ అన్నా" అని అడగండి, వరసగా చెప్పమనండి. ఎక్కువసేపు ఏ పని మీద కూర్చున్నాడో రాసుకోండి. మీ ఇంటి దగ్గర కిరాణా షాపులో శనివారం ఓ గంట నిలబడండి, ఏ కంపెనీ సేల్స్‌మన్ వస్తాడో, ఏం మాట్లాడతాడో వినండి. ఏదైనా లిస్టెడ్ కంపెనీ యాన్యువల్ రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసి, వెనక ఉండే నోట్స్ ఒక ఇరవై పేజీలు చదవండి, నిద్రొచ్చిందా లేదా చూస్కోండి. సమ్మర్ ప్రాజెక్ట్ కూడా ఉంది కదా మీకు, అది మాత్రం కోఠిలోనో ఇంకెక్కడో బైండింగ్ చేయించి ఇచ్చేసే రకం చెయ్యకండి ప్లీజ్, ఆ ఆరు ఎనిమిది వారాలు నిజంగా ఆఫీసులో కూర్చోండి, ఎలక్టివ్ మార్చుకునే వీలు కొన్ని కాలేజీల్లో థర్డ్ సెమ్ మొదటి రోజుల్లో ఉంటది, సార్‌ని అడగండి.

(ఒక విద్యార్థిని: మేడమ్, మీ ప్లాంట్‌కి ఇండస్ట్రియల్ విజిట్ పెట్టొచ్చా?)

మా వాళ్ళని అడుగుతా, పర్మిషన్ వస్తదనే అనుకుంటున్నా. ఒక్కో ట్రిప్‌కి పదిహేను మందికంటే ఎక్కువ లోపలికి పంపరు, కాబట్టి పేర్లు, ఆధార్ కాపీలు బ్యాచ్‌లుగా చేసి సార్‌కి ఇవ్వండి. చెప్పులు, శాండల్స్ పనికిరావు, బూట్లు వేసుకు రండి. లోపలికి గాజులు, వాచీలు, ఉంగరాలు ఏవీ తీసుకెళ్ళనివ్వరు, నెయిల్ పాలిష్ ఉంటే గేటు దగ్గరే ఆపేస్తారు, మేకప్ కూడా వద్దు. ఫోన్లు సెక్యూరిటీ దగ్గర పెట్టాలి, సెల్ఫీలు ఉండవు. ఆపరేషన్స్‌కి చెయ్యెత్తిన ముగ్గురివీ మాత్రం మొదటి బ్యాచ్‌లో వెయ్యండి సార్.